గురుకులంలో టీనేజీ పిల్లలకు కౌన్సెలింగ్: ఎవర్ని పెట్టుకోవాలి, ఎలా నడపాలి?

బయాలజీ_మేడమ్ (ఉమ్మడి ఖమ్మం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఒక బాలికల గురుకులంలో బయాలజీ చెప్తాను. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆరు వందల మందికి పైగా పిల్లలున్నారు. దసరా సెలవులయ్యి తిరిగొచ్చాక కొందరి తీరు చూస్తే మా టీచర్లందరికీ దిగులుగా ఉంది. తొమ్మిదో తరగతిలో ఇద్దరు ముగ్గురు రోజూ ఏదో ఒక నొప్పి అంటూ సిక్ రూమ్‌లో పడుకుంటున్నారు. పరీక్షలు చేయిస్తే ఏమీ లేదంటున్నారు. ఇంటర్ పిల్లల్లో కొందరు స్టడీ అవర్‌లో పుస్తకం తెరుచుకుని గంటసేపు అదే పేజీ చూస్తూ కూర్చుంటున్నారు. అడిగితే "ఏం లేదు మేడమ్" అంటారు, అంతే.

మా స్కూల్లో కౌన్సెలింగ్ అంటే ఇప్పటివరకు ఏడాదికోసారి ఒక వక్త రావడం, పిల్లలందర్నీ గ్రౌండ్‌లో కూర్చోబెట్టి మైకులో గంటన్నర మాట్లాడి వెళ్లడం. పిల్లలు సంతోషంగానే వింటారు. కానీ నిజంగా బాధలో ఉన్న పిల్ల లేచి ఆయన దగ్గరికి వెళ్లి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

ఈసారి సరిగ్గా చేద్దాం అని మా ప్రిన్సిపాల్ మేడమ్ గట్టిగా అనుకుంటున్నారు. ఎవర్ని పిలవాలి, వాళ్లకు ఏ చదువు ఉండాలి, వారానికి ఎన్ని రోజులు రావాలి, తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకోవాలి, పిల్ల చెప్పిందాంట్లో మాకు ఎంత చెప్పాలి? మా పిల్లల్లో లంబాడా, కోయ కుటుంబాల వాళ్లు చాలామంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సైకాలజిస్ట్_హైదరాబాద్

మేడమ్, ముందు మనిషి సంగతి చూద్దాం. మన దగ్గర కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఆ పనికి ఒకే లైసెన్సంటూ లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే మాత్రం భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలి. వాళ్లకు సీఆర్‌ఆర్ నంబర్, అంటే ఆ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అది అడిగి తీసుకుని ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. మీ ప్రాంతంలో క్లినికల్ సైకాలజిస్ట్ వారం వారం రావడం కష్టమే. సైకాలజీలో పీజీ గానీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) గానీ చేసి పిల్లలతో పనిచేసిన వాళ్లు దొరికితే చాలు. అయితే వాళ్ల వెనక ఒక సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో ఉండి, కష్టమైన కేసులు వాళ్లతో చర్చించే ఏర్పాటు ఉండాలి.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు చూశాక రెండు ప్రశ్నలు అడగండి. "నాకు బతకాలని లేదు అని ఒక పిల్ల చెప్తే ఆ రోజే ఏం చేస్తారు?" "ప్రిన్సిపాల్ మిమ్మల్ని పిలిచి, ఆ పిల్ల ఏం చెప్పిందో మొత్తం చెప్పమంటే ఏమంటారు?" మొదటిదానికి "ధైర్యం చెప్తాను" అని ఊరుకునే వాళ్లని, రెండోదానికి "తప్పకుండా చెప్తాను" అనే వాళ్లని పెట్టుకోవద్దు.

ఇక రోజులు. నెలకొకసారి ఒక బృందం వచ్చి పోవడం కంటే, వారానికి రెండు రోజులైనా అదే మనిషి అదే రోజుల్లో రావడం మేలు. హాస్టల్లో ఉండే పిల్లకు నమ్మకం కుదరాలంటే ఆ ముఖం అలవాటవ్వాలి. మొదటి నెల ఎవర్నీ విడిగా కూర్చోబెట్టవద్దు. కౌన్సెలర్‌ని క్లాసు క్లాసుకీ పంపండి, మెస్‌లో పిల్లలతో కలిసి తిననివ్వండి, సాయంత్రం గ్రౌండ్‌లో ఉండనివ్వండి. తర్వాత పిల్లలే వస్తారు.

గది గురించి ఎవరూ అడగరు, అసలు చిక్కంతా అక్కడే వస్తుంది. ప్రిన్సిపాల్ గది పక్కన వద్దు, స్టాఫ్ రూమ్ లోపల అసలే వద్దు. లైబ్రరీ వైపో, ల్యాబ్ పక్కనో చూడండి. తలుపుకి గాజు పలక ఉండాలి. బయటివాళ్లకు లోపల ఇద్దరు కూర్చున్నారని కనిపించాలి, మాటలు వినపడకూడదు. అది పిల్లకూ రక్ష, కౌన్సెలర్‌కీ రక్ష.

హౌస్‌మాస్టర్_పాలమూరు

సైకాలజిస్ట్ గారు చెప్పినవన్నీ బాగున్నాయి. బాలుర గురుకులంలో హౌస్ మాస్టర్‌గా చాలా ఏళ్లు చేస్తున్నాను కాబట్టి నా అనుమానాలు కూడా చెప్తాను. పిల్లాడిని తెల్లారి 5 గంటలకు లేపితే పీటీ, స్నానాలు, మార్నింగ్ స్టడీ, టిఫిన్, క్లాసులు, రెమెడియల్, గేమ్స్, మళ్లీ రాత్రి స్టడీ. లైట్లు తీసేదాకా వాడికి పది నిమిషాలు ఖాళీ ఉండదు. ఇందులో కౌన్సెలింగ్ ఎక్కడ పెట్టాలి? గేమ్స్ పీరియడ్‌లో పెడితే ఒక్కడూ రాడు, వాడికున్న సంతోషం అదొక్కటే. క్లాసులో పెడితే సబ్జెక్ట్ టీచర్ ఒప్పుకోరు.

ఇంకోటి. ఒక పిల్లాడు ఆ గదిలోకి వెళ్లాడంటే రాత్రికి డార్మిటరీ అంతా పేరు పెట్టేస్తుంది. మగపిల్లల్లో ఇది ఎక్కువ. మా పిల్లలు ఏడవడానికి బాత్రూమ్‌కి వెళ్తారు గానీ ఒకరి ముందు నోరు విప్పరు.

నర్సమ్మ_గోదావరి

నేను ఒక కస్తూర్బా విద్యాలయంలో ఏఎన్ఎంగా చేస్తున్నాను. సార్, పిల్లలు నోరు విప్పరని అనుకోకండి. విప్పుతారు, కాకపోతే కడుపునొప్పి అనో తలనొప్పి అనో మొదలుపెడతారు. సిక్ రూమ్‌కి వచ్చే పిల్లలను రాసుకునే రిజిస్టర్ మా దగ్గర ఉంటుంది. దాన్ని ఒకసారి తేదీల ప్రకారం చూడండి. తల్లిదండ్రులు వచ్చి వెళ్లిన ఆదివారం సాయంత్రం, సోమవారం పొద్దున ఎక్కువ మంది వస్తారు. పండక్కి ఇంటికెళ్లి వచ్చిన వారం రోజులు వస్తారు. యూనిట్ టెస్టు మార్కులు చదివిన రోజు వస్తారు. ఎవరూ చూడటానికి రాని పిల్ల ఆ ఆదివారం నా దగ్గరికి వచ్చి "కాస్త జ్వరంగా ఉంది మేడమ్" అంటుంది, థర్మామీటర్ పెడితే ఏమీ ఉండదు. నేను ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటాను. కాసేపటికి అన్నీ చెప్తుంది.

అందుకని బయాలజీ మేడమ్, మీ స్కూల్లో నర్సుని ఇందులో కలుపుకోండి. కౌన్సెలర్ గది సిక్ రూమ్ పక్కనే పెడితే పేరు పెట్టే సమస్య కూడా తగ్గుతుంది. సిక్ రూమ్‌కి అందరూ వెళ్తారు కదా, ఎవరు ఎందుకెళ్లారో ఎవరికీ తెలియదు.

కాకపోతే ఒక జాగ్రత్త. ఊరికే నొప్పి అంటోందని ముందే తేల్చేయకూడదు. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలు మన హాస్టళ్లలో చాలామంది. నెలసరి నొప్పి భరించలేనంతగా వచ్చే వాళ్లుంటారు. ముందు పీహెచ్‌సీ డాక్టర్‌కి చూపించి, హిమోగ్లోబిన్ చూసి, ఆ తర్వాతే మనసు సంగతి మాట్లాడాలి.

తండా_నాన్న (మహబూబాబాద్ జిల్లా)

నాకు రాయడం అంత బాగా రాదు, తప్పులుంటే ఏమనుకోవద్దు. మా బిడ్డ గురుకులంలో ఇంటర్ చదువుతుంది. పోయినేడు స్కూల్ నుంచి ఫోన్ చేసి మీ బిడ్డను మనసు డాక్టర్‌కి చూపించాలి అన్నరు. మాకు కాళ్లు చేతులు ఆడలే. మా ఇంటామె ఒకటే ఏడుపు. తండాల ఎవరికన్న తెలిస్తే రేపు బిడ్డకు సంబంధాలు రావని భయం. నేను బిడ్డను ఇంటికి తీస్కొచ్చిన. ఇంట్ల వారం ఉంచుకుని మళ్లీ పంపిన. ఇప్పుడు బాగనే ఉంది.

నా మనవి ఒక్కటే. సార్లు, మేడమ్‌లు మాకు ఫోన్ చేసినప్పుడు ముందు బిడ్డ ఎట్ల ఉందో చెప్పండి, అన్నం తింటుందా, నిద్ర పోతుందా చెప్పండి. ఒకేసారి డాక్టర్ అంటే మేం ఏదేదో ఊహించుకుంటం. ఇంకోటి, మాతో మా భాషల మాట్లాడే మనిషి ఉంటే మంచిగుంటది. మా బిడ్డ తెలుగు మంచిగనే మాట్లాడుతది, కానీ బాధ వస్తే మా గోర్ బోలినే వస్తది.

సైకాలజిస్ట్_హైదరాబాద్

అన్నా, మీరు రాసింది మాలాంటి వాళ్లు తప్పకుండా వినాల్సిన మాట. బిడ్డ ఇప్పుడు బాగుందంటే సంతోషం. ఆమె మళ్లీ నిద్ర పట్టక, తిండి మానేసి, ఎవరితో మాట్లాడకుండా రెండు వారాలు దాటితే మాత్రం ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మీరు కూడా చేయవచ్చు, బిడ్డే చేయాలని లేదు. తండాలో ఎవరికీ తెలిసే పని లేదు.

మేడమ్, భాష గురించి ఆయన చెప్పింది తప్పకుండా పట్టించుకోండి. ఎంపికలో ఇద్దరు సమానంగా ఉంటే లంబాడీ గానీ కోయ గానీ వచ్చిన వాళ్లనే తీసుకోండి. దొరక్కపోతే ఆ భాష తెలిసిన మీ సిబ్బందిలో ఒకర్ని తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు తోడుగా పెట్టుకోండి. పిల్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకో పిల్లను దుబాసీగా పెట్టవద్దు.

హౌస్ మాస్టర్ గారూ, టైమ్ గురించి మీరన్నది నిజం. నాకు తెలిసిన ఒక గురుకులంలో ఇలా చేశారు. ప్రతి సెక్షన్‌కీ వారానికి ఒక పీరియడ్ టైమ్ టేబుల్‌లోనే పెట్టి కౌన్సెలర్‌కి ఇచ్చారు. అందరూ వెళ్లే క్లాసు కాబట్టి ఎవరికీ పేరు పడదు. అందులో కోపం వస్తే ఏం చేయాలి, స్నేహితుడితో గొడవైతే ఎలా మాట్లాడాలి, వద్దు అని ఎలా చెప్పాలి, చదివింది గుర్తుండకపోతే ఏం చేయాలి లాంటివి ఆటలతో, చిన్న నాటికలతో చేయిస్తారు. విడిగా మాట్లాడే పని రాత్రి స్టడీ అవర్ మొదటి భాగంలో పెట్టారు. ప్రతి పిల్లాడినీ రోల్ నంబర్ వరసలో ఒకసారి పది పదిహేను నిమిషాలు పిలిచారు. బాధ ఉన్నవాడూ లేనివాడూ అందరూ వెళ్లొచ్చాక ఆ గది అంటే భయం పోయింది.

ఒక మనవి కూడా. అల్లరి చేసిన వాడిని, ఫోన్ దాచినవాడిని శిక్షగా ఆ గదికి పంపొద్దు. ఒక్కసారి అలా జరిగితే ఆ ఏడాదంతా ఎవరూ తమంతట తాము రారు.

న్యాయవాది_విశాఖ

చట్టం వైపు నుంచి చెప్తాను. ఇది ఇప్పుడు స్కూలు దయ మీద ఆధారపడే విషయం కాదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, ఆమె తండ్రి చేసిన అప్పీలు మీద సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వాటి కిందికి వస్తాయి. చట్టం వచ్చేదాకా అవే చట్టంలా అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది.

మేడమ్ స్కూలుకు నేరుగా వర్తించేవి చెప్తాను. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. అంటే వంటవాళ్లకీ వాచ్‌మన్‌కీ కూడా. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలి. టెలి మానస్ లాంటి నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో, అందరికీ కనిపించే చోట పెద్ద అక్షరాలతో రాయించాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన కల్పించాలి.

మీ ప్రిన్సిపాల్ గారు పై అధికారులకు లేఖ రాసేటప్పుడు ఈ తీర్పును ప్రస్తావించమనండి. నిధులు అడగడానికి ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు.

హౌస్‌మాస్టర్_పాలమూరు

న్యాయవాది గారికి ధన్యవాదాలు. నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటుంది. పిల్లాడు చెప్పింది కౌన్సెలర్ నాకు చెప్పకూడదంటున్నారు. రేపు ఆ పిల్లాడికి ఏదైనా అయితే టీవీ వాళ్లు నన్ను అడుగుతారు, సస్పెన్షన్ ఆర్డర్ నాకొస్తుంది. పిల్లలు రాత్రంతా నా కాపలాలో ఉంటారు. నాకు తెలియకుండా నేనెలా కాపాడాలి?

సైకాలజిస్ట్_హైదరాబాద్

సార్, మీ భయం న్యాయమైనదే. అందుకే గోప్యతకు హద్దులు మొదటి రోజే కాగితం మీద రాసి, పిల్లలకు చదివి వినిపించి, సిబ్బంది చేత సంతకం పెట్టించాలి. మేం వాడేది ఇలా ఉంటుంది: "నువ్వు చెప్పింది నాలోనే ఉంటుంది. కానీ నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నా, నీవల్ల ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, నిన్ను ఎవరైనా లైంగికంగా గానీ కొట్టి గానీ హింసిస్తున్నా, నేను ఒకరిద్దరు పెద్దవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. చెప్పేముందు నీకు చెప్తాను." పిల్లలు దీన్ని బాగా అర్థం చేసుకుంటారు. ముందే చెప్పారు కాబట్టి మోసం చేశారనుకోరు.

ఆ హద్దుల్లోకి వచ్చినప్పుడు మీకు తప్పకుండా చెప్తారు. అప్పుడు కూడా మొత్తం కథ అక్కర్లేదు. "ఫలానా పిల్లాడిని ఈ వారం ఒంటరిగా ఉంచొద్దు, పక్క మంచం మీద వాడి స్నేహితుడిని పడుకోబెట్టండి, రాత్రి రెండుసార్లు చూడండి" అంటే మీ పని మీరు చేయగలరు. వాడు ఎవర్ని ప్రేమించాడు, ఇంట్లో నాన్న తాగొచ్చి ఏం చేస్తాడు అన్నది మీకు తెలియకపోయినా వాడిని కాపాడొచ్చు. మీకు చెప్పిన తేదీ, టైమ్, మీరు చేసింది ఒక నోట్‌లో రాసి పెట్టుకోండి. రేపు ఎవరడిగినా అదే మీకు రక్ష.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని టీచర్లు భయపడతారు. అలా జరగదు. "నీకు బతకాలని లేదనిపిస్తోందా?" అని మెల్లగా, నేరుగా అడిగితే చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, ఒకరైనా అడిగారని. అవునంటే ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, ఆ రోజే జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి.

న్యాయవాది_విశాఖ

దీనికి ఒక ముఖ్యమైన విషయం కలుపుతాను. లైంగిక హింస గురించి తెలిసినా, అనుమానం వచ్చినా పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ కింద తప్పనిసరి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సంస్థను నడిపే వారైతే ఏడాది దాకా జైలు. "స్కూలు పరువు పోతుంది, లోపలే సర్దుకుందాం" అనే మాట ఆ క్షణం నుంచి నేరమే. కౌన్సెలర్‌కి, నర్సుకి, హౌస్ మాస్టర్‌కి, అందరికీ ఇది వర్తిస్తుంది. పిల్లలకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ కూడా తెలిసేలా చేయండి, అక్కడ పిల్లలే నేరుగా మాట్లాడొచ్చు.

డిగ్రీ_సెకండియర్

నేను గురుకులంలో ఐదు నుంచి ఇంటర్ దాకా చదివాను. ఇక్కడ అందరూ పెద్దవాళ్లే మాట్లాడుతున్నారు, పిల్లల వైపు నుంచి కొంచెం చెప్పనివ్వండి.

ఐదో తరగతిలో అమ్మ వదిలేసి వెళ్లిన మొదటి నెల అందరూ చూస్తారు, ఏడుస్తారు కాబట్టి. ఎనిమిది తొమ్మిదిలోకి వచ్చాక ఏడవం, అందుకే ఎవరూ చూడరు. అప్పుడే ఒళ్లు మారుతుంది, ఫ్రెండ్స్ మారతారు, ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి పదో తరగతి సంక్రాంతి సెలవులకు వెళ్లి తిరిగి రాలేదు, పెళ్లి చేసేశారు. సెలవులకు ముందు వారం ఆ అమ్మాయి అసలు మాట్లాడలేదు. మాకు తెలుసు, ఎవరికి చెప్పాలో తెలియలేదు.

కాబట్టి కౌన్సెలర్ మేడమ్ వస్తే సెలవులకు ముందు వారం తప్పకుండా ఉండాలి, సెలవుల తర్వాత వారం కూడా. ఇంటికి వెళ్లడానికి ఎవరికి భయంగా ఉందో ఆ వారం తెలిసిపోతుంది. చీటీల పెట్టె పెట్టండి, కానీ ఆఫీస్ ముందు పెట్టకండి, వాష్ ఏరియా దారిలో పెట్టండి. తాళం కౌన్సెలర్ దగ్గరే ఉండాలి. మా స్కూల్లో పెట్టె ఉండేది, తాళం ఆఫీసులో ఉండేది, అందుకే ఎవరం వేసేవాళ్లం కాదు.

సీనియర్ అక్కలకి కొంచెం ట్రైనింగ్ ఇస్తే చాలా ఉపయోగం. మేం రాత్రి చెప్పుకునేది వాళ్లకే. వాళ్లను సైకాలజిస్టులను చేయక్కర్లేదు. "ఇది నేను దాచలేను, మేడమ్‌కి చెప్దాం పద, నీతో నేనొస్తాను" అనడం వాళ్లకి నేర్పండి.

బయాలజీ_మేడమ్

తల్లీ, నువ్వు రాసింది మా స్టాఫ్ గ్రూపులో పెడుతున్నాను. సెలవుల ముందు వారం సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ఇంకో సమస్య ఉంది. కొన్నేళ్ల కింద మా పక్క మండలంలోని హాస్టల్లో ఒక రాత్రి ఒకమ్మాయి అరిచి పడిపోయింది. చూసిన వాళ్లలో ఇంకొందరు పడిపోయారు. దయ్యం అన్నారు, ఎవరినో తెచ్చి తాయెత్తులు కట్టించారు, సగం మంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. అలాంటిది మా దగ్గర జరిగితే కౌన్సెలర్ లేని రోజున మేం ఏం చేయాలి?

నర్సమ్మ_గోదావరి

ముందు ఆహారం, నీళ్లు చూడాలి మేడమ్. వాంతులు, విరేచనాలు ఉన్నాయా, జ్వరం ఉందా, ఏదైనా కుట్టిందా, ఊపిరి ఎలా ఉంది. 108కి ఫోన్ చేయాలి. ఫుడ్ పాయిజన్ అయితే నిమిషాలు విలువైనవి. పడిపోయిన పిల్లను ఒక్కదాన్నే వేరే గదికి తీసుకెళ్లాలి, మిగతా పిల్లల్ని అక్కడి నుంచి మామూలు పనిలో పెట్టాలి. చుట్టూ గుంపు ఉన్నంతసేపూ ఇంకొందరు పడుతూనే ఉంటారు. ఫోన్లలో వీడియో తీయనివ్వకండి. ఆ వీడియో బయటికి వెళ్తే ఆ పిల్లలకు ఊళ్లో జీవితాంతం ఆ పేరే ఉండిపోతుంది.

సైకాలజిస్ట్_హైదరాబాద్

నర్సమ్మ గారు చెప్పింది అక్షరాలా సరి. శరీరంలో కారణం లేదని డాక్టర్ తేల్చాక, ఇది నటన అని మాత్రం అనకండి. ఆ పిల్లలు నటించడం లేదు, భయం, ఒత్తిడి ఒళ్లులోంచి అలా బయటికొస్తాయి. ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి కూడా. పరీక్షల ముందో, హాస్టల్లో ఎవరైనా చనిపోయాకో, కొత్త వార్డెన్ కఠినంగా ఉన్నప్పుడో ఇలాంటివి వస్తుంటాయి. మొదట పడిపోయిన అమ్మాయితో రెండు మూడు రోజుల తర్వాత కౌన్సెలర్ తీరిగ్గా మాట్లాడాలి. చాలాసార్లు అసలు సంగతి అక్కడ దొరుకుతుంది. తాయెత్తు కట్టడానికి వచ్చిన తల్లిని తిట్టకండి. కట్టుకోనివ్వండి, డాక్టర్ దగ్గరికి కూడా రమ్మనండి.

నవోదయ_పాత_బ్యాచ్ (డల్లాస్)

మేమంతా ఆంధ్రలో నవోదయలో చదివిన వాళ్లం, ఇప్పుడు అమెరికాలో ఉన్నాం. మా బ్యాచ్ తరఫున కొంత డబ్బు పోగైంది. పరీక్షల ముందు ఒక పెద్ద కార్యక్రమం పెట్టి, హైదరాబాద్ నుంచి పేరున్న వక్తను పంపుదామని అనుకుంటున్నాం. లేదా మేమే వారాంతాల్లో జూమ్‌లో పిల్లలతో మాట్లాడగలం. ఏది మంచిది?

సైకాలజిస్ట్_హైదరాబాద్

అన్నా, మీ మనసు గొప్పది. ఆ డబ్బుతో స్థానికంగా దొరికే కౌన్సెలర్‌కి ఏడాది జీతం ఇవ్వండి, లేదా ఆమె రానూపోనూ ఖర్చు, ఆమెను పర్యవేక్షించే సైకియాట్రిస్ట్ ఫీజు భరించండి. మధ్యలో ఆపేయకుండా కనీసం రెండు విద్యా సంవత్సరాలు హామీ ఇవ్వగలిగితేనే మొదలుపెట్టండి. పిల్లలు ఒక మనిషికి అలవాటయ్యాక ఆ మనిషి మాయమైతే, అసలు రాకపోయినప్పటికంటే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

జూమ్‌లో మీరు కెరీర్ గురించి, ఇంగ్లీష్ గురించి, మీరు హాస్టల్లో ఎలా ఉండేవారో మాట్లాడండి, పిల్లలకు ప్రాణం లేచొస్తుంది. బాధల గురించి విడిగా మాట్లాడే పని మాత్రం శిక్షణ ఉన్నవాళ్లకే వదలండి. ఏ పెద్దవాళ్లయినా పిల్లలతో ఫోన్ నంబర్లు మార్చుకోకూడదని మొదటే నియమం పెట్టుకోండి.

నవోదయ_పాత_బ్యాచ్ (డల్లాస్)

అర్థమైంది. కార్యక్రమం ఆలోచన పక్కన పెడతాం. బయాలజీ మేడమ్, మీ స్కూల్ నుంచి అధికారికంగా లేఖ వస్తే మా వాళ్లతో మాట్లాడతాను. ఎవరికీ ఫొటోలు పంపాల్సిన అవసరం లేదు.

హౌస్‌మాస్టర్_పాలమూరు

రిజల్ట్స్ రోజు సంగతి ఎవరూ అనలేదు. టెన్త్, ఇంటర్ ఫలితాలు వచ్చేసరికి పిల్లలు వేసవి సెలవుల్లో ఇళ్ల దగ్గర ఉంటారు. మన కౌన్సెలర్ ఇక్కడ, పిల్లాడు అక్కడ. ఇంట్లో అందరూ కూలికి పోయి ఉంటారు, వాడు ఒక్కడే ఫోన్‌లో మార్కులు చూసుకుంటాడు. నాకు అన్నిటికంటే టెన్షన్ ఆ రోజే.

సైకాలజిస్ట్_హైదరాబాద్

సార్, మీరు చాలా పెద్ద విషయం లేవనెత్తారు. స్కూల్ మూసేముందే, ఫెయిలవుతానని భయపడే పిల్లలు, తక్కువ మార్కులొస్తే తట్టుకోలేని టాపర్లు, ఇంట్లో కొట్టే తండ్రి ఉన్నవాళ్లు, ఇలా ఒక లిస్టు కౌన్సెలర్ తయారుచేయాలి. టాపర్లను మర్చిపోవద్దు. ఫలితాలకు ముందు రోజు ఆ ఇళ్లకు ఫోన్ వెళ్లాలి, పిల్లకు ఒకటి, తల్లికో తండ్రికో ఒకటి. "రేపు ఒక్కరోజు పనికి పోకుండా పిల్ల దగ్గర ఉండండి. ఎన్ని మార్కులొచ్చినా ముందు అన్నం పెట్టండి. సప్లిమెంటరీ ఉంది, ఫీజు కట్టే సంగతి మేం చూస్తాం" అని చెప్పాలి. ఫలితాల సాయంత్రం మళ్లీ ఫోన్. క్లాస్ టీచర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి కొద్దిమందే వస్తారు. కౌన్సెలర్ ఒప్పందంలో సెలవుల నెలలు కూడా రాయించుకోండి, చాలా స్కూళ్లు ఏప్రిల్‌తో ఆపేస్తాయి.

తండా_నాన్న (మహబూబాబాద్ జిల్లా)

ఇది మంచి మాట. మా అసొంటోళ్లకు ఫోన్ చేసి ఉండమంటే ఉంటం. ఎవరు చెప్పరు కాబట్టి పనికి పోతం.

బయాలజీ_మేడమ్

ఇవాళ ప్రిన్సిపాల్ మేడమ్‌తో కూర్చున్నాను. మీరందరూ చెప్పింది దాదాపు మొత్తం చదివి వినిపించాను. వారానికి రెండు రోజులకు ఎంఎస్‌డబ్ల్యూ చేసిన లంబాడా అమ్మాయి ఒకరు మా జిల్లాలోనే ఉన్నారు, వచ్చే వారం మాట్లాడతాం. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ గారికి లేఖ రాస్తున్నాం, నెలకొకసారి కేసులు చర్చించడానికి. సిక్ రూమ్ పక్కన స్టోర్‌గా వాడుతున్న గది ఖాళీ చేయిస్తున్నాం, తలుపుకి గాజు పలక వేయించాలి. చీటీల పెట్టె వాష్ ఏరియా దారిలోనే.

తల్లిదండ్రుల అనుమతి గురించి ఒక్క మాట చెప్పండి. ఇది మాత్రం తేలలేదు. ప్రతి పిల్లకూ విడిగా సంతకం అంటే కొందరు పంపరు.

న్యాయవాది_విశాఖ

క్లాసులో జరిగే పీరియడ్‌కి, అందరికీ ఒకసారి జరిగే పది నిమిషాల మాటకి అడ్మిషన్ సమయంలోనే ఒక సాధారణ అంగీకార పత్రం చాలు. ఇప్పుడు చేరి ఉన్న పిల్లలకైతే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో తెలుగులో చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. గోప్యత హద్దులు కూడా ఆ కాగితంలోనే ఉండాలి. పిల్లను పదే పదే విడిగా చూడాల్సి వచ్చినా, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చినా తల్లిదండ్రుల్ని పిలిచి, వివరించి, విడిగా అనుమతి తీసుకోండి. మైనర్ కాబట్టి వైద్యానికి అది కావాలి. ప్రాణాపాయం ఉన్న రాత్రి మాత్రం సంతకం కోసం ఆగకండి. ముందు ఆసుపత్రి, దారిలో ఫోన్. ఇంటివాళ్లే హింసిస్తున్నారని పిల్ల చెప్తే వాళ్ల అనుమతి కోసం చూడొద్దు, 1098కి, పోలీసులకి చెప్పి బాలల సంక్షేమ కమిటీ ద్వారా వెళ్లండి.

పత్రం నమూనా నేను రాసి ఆదివారం లోపు ఇక్కడ పెడతాను. తండా నాన్న గారు ఒకసారి చదివి, ఎక్కడ భయం పుట్టించేలా ఉందో చెప్తే మారుస్తాను.

తండా_నాన్న (మహబూబాబాద్ జిల్లా)

పెట్టండి సార్. మా ఇంటామెకు కూడా చదివి వినిపిస్త.